అండమాన్ తీరపు కాలిబాటలో నడవాలంటే: చెన్నై నుంచి బయలుదేరేవారికి

చెన్నై నుంచి విమానం ఎక్కితే రెండుంబావు గంటలలో అండమాన్‌లో దిగవచ్చు కనుక, ఇక్కడి తెలుగు కుటుంబాలకు సంక్రాంతి సెలవులలోనో, పిల్లల పరీక్షలు ముగిసిన ఏప్రిల్‌లోనో ఆ దీవులకు వెళ్లి రావడం పెద్ద ప్రయాణమేమీ కాదు. వెళ్లినవారిలో ఎక్కువమంది సెల్యులార్ జైలు, రాధానగర్ బీచ్ చూసి, అద్దపు అడుగున్న పడవ ఎక్కి తిరిగి వస్తారు. వీటితోపాటు అడవి గుండా సాగి సముద్రపు ఒడ్డున తేలే కాలిబాటలలో ఒకదానినైనా నడిచి చూడాలనుకునేవారి కోసం ఈ వ్యాసం. దూరాన్ని బట్టి చూస్తే వీటిలో చాలావరకు కష్టమైన బాటలు కావు. పోనురాను నాలుగైదు కిలోమీటర్లు నడవగలిగినవారు ఎవరైనా వెళ్లవచ్చు. చిక్కంతా వేళతోనే వస్తుంది. తీరపు బాటను సముద్రం రోజుకు రెండుసార్లు మూసి రెండుసార్లు తెరుస్తుంది. పైగా అక్కడ మనం అనుకున్నదానికంటే ముందే పొద్దు గుంకుతుంది. ఈ రెండు వేళలను ముందుగా కాగితం మీద రాసుకొని, నడకను వాటికి లోబడి అమర్చుకోవడమే ఇందులోని అసలు పని. బూట్లు, సంచి, తిండి ఆ తరువాతి సంగతులు.

ఊళ్ల పేర్ల గురించి ఒక మాట. 2018 డిసెంబరులో హావ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అనీ, 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయ పురం అనీ పేర్లు మార్చారు. వాడుకలో పాత పేర్లు ఇంకా పోలేదు కనుక రెండూ గుర్తుంచుకోండి. నేను ఇక్కడ వాడుకలో ఉన్నవే రాస్తున్నాను.

మొదట బాటను ఎంచుకోండి

మొదటిసారి నడిచేవారికి చిడియా టాపు వైపు ఉన్న ముండా పహాడ్ బాటనే నేను సూచిస్తాను. అది పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ముండా పహాడ్ బీచ్ దగ్గర మొదలయ్యే బాట దట్టమైన చెట్ల నీడలో కిలోమీటరున్నర దాకా ఎక్కుతూ దిగుతూ సాగి, సముద్రం మీదికి పొడుచుకు వచ్చిన కొండకొమ్ము దగ్గర ముగుస్తుంది. ఎక్కువ భాగం ఎత్తు మీదే ఉంటుంది కనుక నీటి వేళతో పేచీ తక్కువ, కళ్లముందు సముద్రం మాత్రం నిండుగా ఉంటుంది. కొమ్ము అంచున కంచె వంటి రక్షణ ఉంటుందని ఆశించవద్దు. ఫోటో కోసం వెనక్కి అడుగులు వేసేవారి చెయ్యి పట్టుకుని నిలబెట్టే మనిషి ఒకరు పక్కన ఉండాలి.

రెండవది హావ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్ బాట. జెట్టీ నుంచి రాధానగర్ వెళ్లే రోడ్డు పక్కన, అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర మొదలవుతుంది. సుమారు రెండు కిలోమీటర్లు. మామూలు నడకకు ముప్పావు గంట పడుతుంది. మొదట అడవి, తరువాత మడ చెట్ల మధ్య బురద, చివర 2004 సునామీకి కూలిన మహావృక్షాల మోడులు పడి ఉన్న తీరం. బాట గొప్పదే కానీ, అది చేర్చే బీచ్ మాత్రం జెట్ స్కీల చప్పుడుతో, పడవలలో వచ్చిన జనంతో సంతలా ఉంటుందని చెప్పక తప్పదు; ఉదయం తొందరగా చేరినవారికే దాని అందం దక్కుతుంది. ఈ బాటను అటవీ శాఖ కొన్ని కాలాలలో మూసి ఉంచుతుంది, కొన్ని కాలాలలో గైడ్ ఉంటేనే వదులుతుంది. కాబట్టి బస చేసిన చోట ముందు రోజు సాయంత్రమే అడిగి తెలుసుకోండి.

మూడవది కాస్త అలవాటున్నవారికి. ఇప్పుడు మౌంట్ మణిపూర్ అని పిలుస్తున్న మౌంట్ హారియెట్ మీది నుంచి అడవిలో దిగుతూ మధుబన్ తీరానికి చేరే బాట అది. దారిలో నార్త్ బే దీపస్తంభం కనిపించే చోట ఒక్క నిమిషం ఆగండి; పాత ఇరవై రూపాయల నోటు వెనుక ఉన్న దృశ్యం ఆ కొండ మీది నుంచి చూసిందే. దిగడానికి సగం రోజు పడుతుంది, దిగిన చోటికి వాహనం ముందే మాట్లాడి పెట్టుకోవాలి, దారి తెలిసిన మనిషి లేకుండా వెళ్లకూడదు. అరవై దాటిన అమ్మానాన్నలను, అయిదేళ్ల పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లేవారు దీన్ని మరో ప్రయాణానికి వదిలేయడం మేలు.

నెల విషయంలో ఆలోచించడానికి ఎక్కువేమీ లేదు. నైరుతి రుతుపవనాలు కేరళకంటే ముందు, మే మూడవ వారం ప్రాంతంలోనే అండమాన్‌ను తాకుతాయి. అప్పటినుంచి బాటలన్నీ అడుసే, జలగలే. నవంబరులో తుపానుల భయం ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా నడకకు మంచి కాలం.

నీటి వేళ, పొద్దు వేళ లెక్కకట్టండి

మెరీనాలోనూ, బీసెంట్ నగర్‌లోనూ ఏళ్ల తరబడి సముద్రాన్ని చూస్తున్నవారికి ఆటుపోట్ల మీద పెద్దగా లక్ష్యం ఉండదు. అందుకు కారణం ఉంది. చెన్నైలో పున్నమికీ, అమావాస్యకూ కూడా నీటి మట్టంలో వచ్చే తేడా సుమారు ఒక మీటరే; ఇసుక కూడా నీటిలోకి గబుక్కున వాలిపోతుంది కనుక ఒడ్డు గీత కొద్ది అడుగులు మాత్రమే అటూ ఇటూ జరుగుతుంది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర ఆ తేడా పున్నమి, అమావాస్యల నాడు దాదాపు రెండు మీటర్లు. అంతేకాక చాలా చోట్ల తీరం పగడపు దిబ్బల మీద బల్లపరుపుగా ఉంటుంది కనుక, నీరు తగ్గినప్పుడు సముద్రం వందల అడుగుల దూరం వెనక్కి పోతుంది. ఉదయం మీరు ఎండిన రాళ్ల మీద నడిచి వెళ్లిన చోట మధ్యాహ్నానికి నడుము లోతు నీరు ఉండవచ్చు.

నీరు పెరిగే పోటు, తగ్గే పాటు రోజుకు రెండేసి సార్లు వస్తాయి. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అందువల్ల వేళలు ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. సోమవారం పనికివచ్చిన వేళ గురువారానికి పనికిరాదు. సర్వే ఆఫ్ ఇండియా ప్రతి సంవత్సరం ఆటుపోట్ల పట్టికలు ప్రచురిస్తుంది; ఫోన్‌లో కూడా వేళలు చూపించే యాప్‌లు చాలా ఉన్నాయి. మీరు వెళ్లే తేదీలకు పోర్ట్ బ్లెయిర్ వేళలను చెన్నైలో ఉండగానే రాసుకోండి, ఎందుకంటే అడవిలో సిగ్నల్ ఉండదు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక దీవులలో ఇంటర్నెట్ బాగుపడిన మాట నిజమే గానీ, ఆ మేలు కాలిబాటల దాకా చేరలేదు.

పట్టిక చూసేటప్పుడు పంచాంగం కూడా పక్కన పెట్టుకోవడం తెలుగువారికి సులువైన పని. పున్నమికీ అమావాస్యకూ చుట్టుపక్కల రెండు మూడు రోజులు నీరు ఎక్కువగా పెరిగి ఎక్కువగా తగ్గుతుంది. అష్టమి ప్రాంతంలో రెండూ తక్కువ. అంతేకాదు, పోర్ట్ బ్లెయిర్ తీరంలో పున్నమి, అమావాస్యల నాడు పోటు సుమారుగా ఉదయం తొమ్మిది, పది గంటల ప్రాంతంలో నిండుగా వచ్చి, నీరు బాగా తగ్గేది మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య. అష్టమి రోజులలో ఇది తలకిందులై, నీరు తగ్గేది ఉదయం పూటే అవుతుంది. కచ్చితమైన నిమిషాలకు పట్టికనే నమ్మండి, కానీ ఈ లెక్క మనసులో ఉంటే సెలవు తేదీలను ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది: తీరం వెంబడి రాళ్ల మీద నడవదలచినవారికి అష్టమి వారం అనుకూలం.

పున్నమి వారంలో వెళ్లినవారిని ఏమార్చే సంగతి ఒకటుంది. మూడున్నరకు తీరమంతా తేలి, ఎన్నడూ కనిపించని రాళ్లూ, గుంటలలో చేపపిల్లలూ బయటపడి, ఇంకా ఇంకా ముందుకు రమ్మని పిలుస్తున్నట్టే ఉంటుంది. సరిగ్గా అప్పుడే పొద్దు కూడా దిగిపోతూ ఉంటుంది. చెన్నై 80వ రేఖాంశం దగ్గర ఉంటే అండమాన్ దాదాపు 93వ రేఖాంశం దగ్గర ఉంది. గడియారం మాత్రం రెండు చోట్లా ఒకటే. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కవేసుకుంటే అక్కడ సూర్యోదయమూ, సూర్యాస్తమయమూ మనకంటే దాదాపు యాభై నిమిషాలు ముందు జరుగుతాయని తెలుస్తుంది. డిసెంబరులో అయిదు గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు. ఏప్రిల్‌లో కూడా అయిదున్నర ప్రాంతంలోనే. ఉష్ణమండలంలో సంధ్య ఎక్కువసేపు నిలవదు, చెట్ల కింద చీకటి మరీ ముందు పడుతుంది. కాబట్టి ఎంత ఆలస్యమైనా మూడున్నరకు మీ ముఖం తిరుగు దారి వైపే ఉండాలి.

నీరు ఎంత వేగంగా తిరిగి వస్తుందో కూడా తెలుసుకోవాలి. పూర్తిగా తగ్గిన తరువాత మొదటి గంటలో నీరు పెద్దగా పెరిగినట్టు అనిపించదు. ఆరు గంటలలో పెరిగే నీటిని పన్నెండు భాగాలు చేస్తే, మొదటి గంటలో ఒక భాగం, రెండవ గంటలో రెండు, మూడు నాలుగు గంటలలో మూడేసి, అయిదవ గంటలో రెండు, ఆరవ గంటలో ఒకటి వస్తాయని నావికులు లెక్కపెట్టే పద్ధతి. అంటే మధ్యలోని రెండు గంటలలోనే సగం నీరు వచ్చేస్తుంది. రెండు మీటర్ల పోటు ఉన్న రోజున అది ఒక నిలువు మీటరు. “ఇప్పటిదాకా పెరగలేదు కదా” అని కూర్చున్నవారికి ఈ మూడవ గంటలోనే దారి పోతుంది. రాళ్లను దాటే పని ఏదైనా ఉంటే నీరు పూర్తిగా తగ్గే వేళకు గంటన్నర ముందు మొదలుపెట్టి, ఆ వేళ దాటిన ముప్పావు గంటలోగా తిరిగి దాటేయండి. ఉదాహరణకు తొమ్మిదిన్నరకు నీరు పూర్తిగా తగ్గుతుందనుకుంటే, ఎనిమిదికి రాళ్ల మీద అడుగు పెట్టి, పదింబావుకల్లా ఇవతలికి వచ్చేయాలి.

పట్టికతో పాటు మరో మాట చూడాలి. ఎండ కాస్తూ గాలి లేని రోజున కూడా ఎక్కడో దూరాన చెలరేగిన గాలుల వల్ల పెద్ద అలలు వచ్చి తీరాన్ని తాకవచ్చు. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ అనే జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం ఇటువంటి అలల హెచ్చరికలను విడుదల చేస్తుంది. హెచ్చరిక ఉన్న రోజున కొండ మీది బాటకు వెళ్లండి, రాళ్ల జోలికి పోవద్దు.

ఇంత చదివినా, చివరి మాట అక్కడి మనిషిదే. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువారు తక్కువేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎన్నో ఏళ్ల క్రితం వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి, వారిలో చేపల వేటే వృత్తిగా ఉన్నవారూ ఉన్నారు. జెట్టీ దగ్గర ఎవరినైనా “అన్నా, రేపు పాటు ఎన్ని గంటలకు?” అని అడిగి చూడండి. యాప్ ఇవ్వని సంగతులు, ఏ మొగ (వాగు సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఊబి ఉందో, ఏ మలుపులో నీరు వెనుకనుంచి చుట్టుకుంటుందో కూడా చెబుతారు.

చెన్నైలోనే సిద్ధం కండి

ఉక్కపోతకు చెన్నైవారికి వేరే శిక్షణ అక్కరలేదు. అలవాటు చేసుకోవలసింది ఇసుకలో, ఎగుడుదిగుడు నేల మీద నడవడం. నెల రోజుల ముందునుంచి వారానికి మూడు పొద్దులు ఇలియట్స్ బీచ్ నుంచి అడయారు మొగ వైపు నడవండి. వెళ్లేటప్పుడు తడి ఇసుక మీద, వచ్చేటప్పుడు పొడి ఇసుక మీద. పొడి ఇసుక పిక్కలను ఎంత పిండుతుందో మొదటి రోజే తెలుస్తుంది. వారానికొకసారి సెయింట్ థామస్ మౌంట్ మెట్లు వీపున మూడు, నాలుగు కిలోల సంచితో ఎక్కి దిగండి. ఎక్కడం ఊపిరికి పరీక్ష అయితే దిగడం మోకాళ్లకు పరీక్ష; అండమాన్ బాటలలో జారిపడేది ఎక్కువగా దిగేటప్పుడే కనుక, దిగేటప్పుడు చిన్న అడుగులు వేయడం ఇక్కడే అభ్యాసం చేయాలి.

బూట్లు కొత్తవి కొని నేరుగా విమానం ఎక్కవద్దు. చీలమండను కప్పే బరువైన ట్రెకింగ్ బూట్లు ఇక్కడ భారమే; అవి ఒకసారి తడిస్తే ఆ సెలవులలో మళ్లీ ఎండవు. అడుగున లోతైన గాడులుండి, పైన వలలాంటి గుడ్డ ఉండి, నీరు లోపలికి వచ్చినా వెంటనే కారిపోయే తేలికపాటి బూట్లు సరిపోతాయి. హవాయి చెప్పులు బురదలో కూరుకుపోతే చెయ్యి పెట్టి తవ్వుకోవాలి. జీన్స్ వద్దు. నూలు బట్టలు చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంటాయి కనుక, త్వరగా ఆరే పలుచని పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా మేలు. తొడలు ఒరుసుకునే అలవాటున్నవారు బయలుదేరే ముందే కొబ్బరినూనె గానీ, వాసెలిన్ గానీ రాసుకోవాలి; ఉప్పునీటిలో తడిశాక ఒరుపు పుడితే మరుసటి రోజు నడవడం అసాధ్యం.

సంచిలో ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీరు, స్టీలు సీసాలలో. దీవులలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది, బాటలో దుకాణాలు ఉండవు. ఒక లీటరులో ఓఆర్ఎస్ పొట్లం కలిపి ఉంచండి. ఆ తేమలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, పోయిన ఉప్పు వట్టి నీటితో తిరిగి రాదు. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి రెండు మూడు గుక్కలు తాగడం పద్ధతి. తిండికి పులిహోర మనవారి ప్రయాణాలకు ఎప్పటినుంచో పరీక్షకు నిలిచిన వంట. చింతపండు పులుపుకు మధ్యాహ్నం దాకా చెడదు. దద్దోజనం మాత్రం ఆ వేడికి పులిసిపోతుంది. వేరుశనగ చిక్కీ, ఖర్జూరాలు పిల్లల చేతికి ఇవ్వడానికి బాగుంటాయి.

తలకు కట్టుకునే టార్చి, ఈల, కట్టు గుడ్డ, గాయాలు కడిగే మందు, మామూలుగా వేసుకునే మాత్రలు, వెయ్యి రెండు వేలు చిల్లర నోట్లు, ఇవన్నీ నీరు చొరని కవరులో పెట్టండి. బయలుదేరే ముందు, ఎక్కడికి వెళుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో బసలో రాసి ఇవ్వండి. చెప్పిన వేళకు రెండు గంటలు దాటినా రాకపోతే అటవీ శాఖకు గానీ, 112కు గానీ ఫోన్ చేయమని కూడా స్పష్టంగా చెప్పండి. మొహమాటపడవలసిన విషయం కాదిది. ఇంకో మాట: స్పీకరు ఇంట్లో వదిలి రండి. ఆ అడవిలో పక్షుల కూతలు వినడానికి వచ్చినవారు వేరే ఉంటారు.

నడిచే రోజు

సూర్యోదయం మనకంటే ముందే అవుతుంది కనుక ఆరున్నరకల్లా బాట మొదట్లో ఉండడం కష్టమేమీ కాదు. చెక్‌పోస్టు తెరిచే వేళ అంతకంటే ఆలస్యమైతే ఆ వేళకు ముందువరుసలో ఉండండి. అడవి భాగంలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టి, వారికి దారి చూపుతూ దారి బాగా తెలిసినవారు ఒకరు అందరికంటే ముందూ, నిబ్బరం గలవారు ఒకరు చివరా నడవాలి. చెట్ల వేళ్ల మీద అడుగు వేయకండి. తడి వేరు తడి రాతికంటే ఎక్కువ జారుతుంది. ఆసరా కోసం కొమ్మ పట్టుకునే ముందు దాన్ని చూడండి, ఎందుకంటే పిట్ వైపర్ అనే విషసర్పాలు అలాంటి కొమ్మల మీదే కదలకుండా ఉంటాయి. దారి పక్కన పచ్చిమామిడికాయ వంటి నున్నటి కాయలు రాలి ఉంటే పిల్లలను ముట్టుకోనివ్వకండి. సముద్ర మామిడి అని పిలిచే ఆ చెట్టు గింజ గుండెను ఆపేసే విషం.

మడ చెట్ల దగ్గరికి వచ్చేసరికి నడక తీరు మారాలి. బురదలోనుంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి పొడుచుకు వచ్చినవి ఆ చెట్ల ఊపిరి వేళ్లు. ఉప్పు బురదలో గాలి ఆడదు కనుక అవి పైకి లేచి గాలి పీల్చుకుంటాయి. వాటిని తొక్కితే చెట్టుకూ నష్టం, మీ అరికాలికీ నష్టం. వేళ్లు దట్టంగా ఉన్న చోట నేల కాస్త గట్టిగా, వేళ్లు లేకుండా నున్నగా మెరుస్తున్న చోట లోతుగా ఉంటుంది కనుక, వాటి పక్కనుంచి, ఖాళీలలో పాదం మొత్తాన్ని ఒకేసారి ఆనిస్తూ నడవండి. కాలు కూరుకుపోతే నిలువుగా లాగకండి; మడమను అటూ ఇటూ కదిలించి గాలి చొరనిచ్చి, కాలివేళ్లను కిందికి వాల్చి మెల్లగా తీయండి. చేతిలో ఒక కర్ర ఉంటే ప్రతి అడుగుకూ ముందు లోతు చూసుకోవచ్చు.

తీరానికి చేరగానే ఇసుకలోకి పరుగెత్తకుండా రెండు నిమిషాలు నిలబడి పోటు గీతను వెతకండి. నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పే గీత అది: ఎండిన ఆకులు, సముద్రపు నాచు, కొబ్బరి పీచు, చిన్న కర్రముక్కలు వరుసగా పేరుకుని ఉంటాయి. ఆ గీతకు పైన, అడవి వైపున నడిచేంత ఇసుక ఉంటే మీకు ఎప్పుడూ దారి ఉన్నట్టే. గీత ఎక్కడా కనిపించకుండా ఇసుక నేరుగా కొండరాయి గోడకు ఆనుకుని ఉంటే, ఆ గోడను చూడండి. నడుము ఎత్తు వరకు రాయి నల్లగా, పచ్చని పాచితో తడిగా ఉండి, చిన్న గవ్వలు అతుక్కుని ఉన్నాయంటే పోటు వచ్చినప్పుడు సముద్రం అక్కడిదాకా వస్తుందన్నమాట. అటువంటి చోట కూర్చుని పులిహోర విప్పకండి; దాటవలసింది దాటి, అవతల ఎత్తు నేల మీద కూర్చోండి. పాత వర్ణనలు చదివి “ఇక్కడ ఒడ్డు వెంబడి దారి ఉందట” అని బయలుదేరడం కూడా ప్రమాదమే, ఎందుకంటే 2004 భూకంపంలో దక్షిణ అండమాన్ తీరం సుమారు ఒక మీటరు కుంగింది; అంతకుముందు పొడిగా ఉండిన కొన్ని చోట్ల ఇప్పుడు పోటు నీరు నిలుస్తుంది.

రాళ్ల మీద పొడిగా, గరుకుగా ఉన్న భాగం మీదే కాలు వేయండి. నల్లటి నున్నని పాచి మీద ఎంత మంచి బూటైనా పట్టు నిలపలేదు. సముద్రానికి వీపు పెట్టి నిలబడవద్దు. నీటిలో దిగితే బూట్లతోనే దిగండి. సీ అర్చిన్ అనే ముళ్ల జీవులు, రాయిలాగే కనిపించే విషపు చేపలు పగడపు దిబ్బలలో ఉంటాయి. అటువంటి చేప ముల్లు దిగితే భరించగలిగినంత వేడినీటిలో పాదాన్ని ఉంచి, ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. బతికి ఉన్న పగడం మీద ఎక్కడా నిలబడవద్దు.

మొసళ్లు, ఇసుక ఈగలు

అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే మొగలు వాటి నెలవు. అప్పుడప్పుడు బహిరంగ తీరానికి కూడా వస్తాయి. 2010లో హావ్‌లాక్‌లో రాధానగర్ సమీపాన నీటిలో ఉన్న ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. ముండా పహాడ్ బీచ్‌లో హెచ్చరిక బోర్డులు పెట్టింది మొసళ్ల భయంతోనే. బోర్డు ఉన్న చోట మోకాలి లోతుకు కూడా దిగకండి. మొగను దాటవలసి వస్తే నీరు బాగా తగ్గిన వేళ, పట్టపగలు, స్థానికుడు ముందు నడుస్తుండగా మాత్రమే దాటాలి. తెల్లవారుజామునా, సందెవేళా అసలు వద్దు. చేపలు కడిగిన చోట, మిగిలిన తిండి పారేసిన చోట నీటి అంచున నిలబడడం కూడా అటువంటి తప్పే.

ఇసుక ఈగలు ప్రాణం తీయవు గానీ సెలవును పాడు చేస్తాయి. కంటికి ఆనని ఆ ఈగలు కుట్టిన చోట రెండో రోజు నుంచి విపరీతమైన దురద మొదలై వారం దాకా ఉంటుంది. మోకాళ్ల కింద కొబ్బరినూనె దట్టంగా రాసుకోవడం, తడి ఇసుక మీద నేరుగా కూర్చోకుండా కింద ఏదైనా పరచుకోవడం పనిచేస్తాయి. గోకితే పుండు పడుతుంది.

ఏదైనా జరిగితే

ఒకరికి తల తిరిగి, వాంతి వచ్చినట్టుండి, ఒళ్లు చెమటలు కక్కుతుంటే వెంటనే నీడలో పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి ఉంచి, బట్టలు వదులు చేసి, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, అది వడదెబ్బ. తడి బట్టలతో ఒళ్లంతా తడుపుతూ విసురుతూ, ఇద్దరిని సాయానికి పంపండి. స్పృహ సరిగా లేని మనిషి నోట నీరు పోయకూడదు. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం వంటివి వద్దు. కరిచిన కాలు కదలకుండా చూసి మోసుకుపోవాలి. హావ్‌లాక్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. పెద్ద వైద్యానికి పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రికి చేరాలి.

నీరు దారిని మూసేస్తే ఈదుకుంటూ వెళ్లే ప్రయత్నం చేయకండి. పోటు గీతకు పైన పొడి నేల దొరికితే అక్కడే ఉండండి. ఆరేడు గంటలలో నీరు దానంతట అదే తగ్గుతుంది. అందుకే టార్చి, అదనపు నీరు. ఇక నేల నిలబడలేనంతగా కంపించినా, పట్టికలో లేని వేళ సముద్రం అసాధారణంగా వెనక్కి తగ్గినా, హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా సంచులు వదిలేసి ఎత్తైన చోటికి ఎక్కండి. 2007 నుంచి దేశంలో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నా, సిగ్నల్ లేని తీరంలో మీకు అది చేరేలోగా అలే చేరవచ్చు. మొదటి అల వెళ్లిపోయిందని కిందికి దిగకూడదు, తరువాతివి అంతకంటే పెద్దవి కావచ్చు.

తిరిగి వచ్చాక

బసకు రాగానే, మీరు వచ్చేశారని రాసి ఇచ్చినచోట చెప్పండి. లేకపోతే మీ కోసం మనుషులు అడవిలోకి బయలుదేరే ప్రమాదం ఉంది. బూట్లను మంచినీటితో కడిగి, లోపల కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టండి. కాళ్ల మీద గీతలు ఎంత చిన్నవైనా సబ్బుతో కడగాలి, పగడం గీసిన గాయం త్వరగా చీము పడుతుంది. పిల్లల జేబులు, సంచి మడతలు, బూట్ల లోపల కూడా ఒకసారి వెతకండి: ఒడ్డున చచ్చి పడి ఉన్న పగడపు ముక్క అయినా, కొన్ని రకాల శంఖాలు, గవ్వలు అయినా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తీసుకుపోవడం నేరం, విమానాశ్రయంలో సామాను స్కానర్‌లో అవి స్పష్టంగా కనిపిస్తాయి. దొరికినవాటిని సాయంత్రమే తీరానికి తీసుకువెళ్లి పోటు గీతకు కింద వదిలేయండి.